పక్షవాతం తరువాత నడకకు మెదడు ఉద్దీపన: పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారికి 62 ఏళ్లు. ఐదు నెలల కిందట మెదడు కుడి భాగంలో రక్తనాళం మూసుకుపోయి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని, పక్కన ఒకరు ఉంటే ఇంట్లో నడుస్తున్నారు. అయితే వెనక్కి తిరిగేటప్పుడు తూలుతున్నారు, పెరట్లో రెండుసార్లు పడ్డారు. ఆంధ్రాలోని ఒక నగరంలో ఒక కేంద్రం వారు తల మీద మాగ్నెట్ పెట్టి 20 సిట్టింగుల్లో నడక తెప్పిస్తామని, 60 వేలు అవుతుందని చెప్పారు. జీడితోట డబ్బు చేతికి రాగానే తీసుకువెళ్లవచ్చా, ఇది షాక్ ట్రీట్‌మెంటేనా, చుట్టాలు చెప్పినట్టు ముందు పావురం నెత్తురు రాయించి చూడాలా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఫిజియోథెరపిస్టును. 22 ఏళ్లుగా బరంపురంలో పక్షవాతం రోగులతోనే పని చేస్తున్నాను. మధ్యలో రెండేళ్లు ఒక పెద్ద నగరంలో, మీరు చెప్పిన మాగ్నెట్ యంత్రం పక్కనే నిలబడి రోగులను నడిపించే పని చేశాను. కాబట్టి ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూసినవాడిగా చెబుతున్నాను. ఆ వైద్యం మోసం కాదు, దాని వెనుక నిజమైన శాస్త్రం ఉంది. కాని ఆ యంత్రం తనంతట తాను ఎవరినీ నడిపించదు. అది మెదడును కాసేపు నేర్చుకోవడానికి అనువుగా మారుస్తుంది, ఆ కాసేపట్లో కాలు పని చేయకపోతే పెట్టిన డబ్బంతా వృథా అయినట్టే. ఇప్పుడు వారు చెప్పిన తీరులో అయితే 60 వేలు పెట్టవద్దనే నా సలహా. ఏ తీరులో అయితే పెట్టవచ్చో కింద రాస్తాను. పావురం నెత్తురు సంగతి ఇక్కడితోనే ముగిస్తాను. చర్మం మీద రాసిన నెత్తురు మెదడుకు చేరే దారి లేదు, ఆ ప్రయాణాల్లో పోయే వారాలు మాత్రం తిరిగి రావు.

ముందుగా షాక్ అన్న భయం తీరాలి. మన వైపు "కరెంటు పెట్టడం" అనే ఒక్క మాటతో మూడు నాలుగు వేర్వేరు పనులను పిలుస్తారు. ఫిజియోథెరపీ గదిలో కాలి కండరం మీద ప్యాడ్లు అంటించి కండరాన్ని కదిలించేది ఒకటి. మానసిక వైద్యంలో మత్తు ఇచ్చి, మెదడులో కావాలనే మూర్ఛ తెప్పించే షాక్ ట్రీట్‌మెంట్ మరొకటి. మీరు అడిగినది ఈ రెండింటిలో ఏదీ కాదు. దీనిలో మత్తు ఉండదు, కోత ఉండదు, రోగి మెలకువగా కుర్చీలో కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. దీనిలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి అయస్కాంతంతో చేసేది, దాన్ని టీఎంఎస్ అంటారు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం 1985లో దీన్ని మొదటిసారి మనిషి మెదడు మీద చేసి చూపించింది. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే కాయిల్‌ను తలకు ఆనించి అందులో ఒక్క క్షణం పాటు పెద్ద విద్యుత్తును పంపితే, దాని నుంచి పుట్టిన అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి మెదడు పైపొరలో చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. వడ్రంగి పిట్ట కొట్టినట్టు టకటకమని చప్పుడు వస్తుంది, అందుకే చెవుల్లో ప్లగ్గులు పెడతారు. రెండవది టీడీసీఎస్. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజి ప్యాడ్లను తల మీద కట్టి, 1 నుంచి 2 మిల్లీయాంపియర్ల సన్నని కరెంటును సుమారు 20 నిమిషాలు పంపుతారు. మొదటిది నరకణాలను నేరుగా పలికిస్తుంది, అంటే వాటి చేత అప్పటికప్పుడు పని చేయిస్తుంది. రెండవది వాటిని పలికించదు, పలకడానికి కాస్త దగ్గర చేస్తుందంతే. జర్మనీలోని గెటింగెన్‌లో నిచే, పౌలుస్ అనే ఇద్దరు 2000 సంవత్సరంలో ఈ ప్రభావం కరెంటు ఆగిన తరువాత కూడా కొన్ని నిమిషాలు నిలుస్తుందని చూపించిన నాటి నుంచి దీని మీద పరిశోధన ఊపందుకుంది.

కరెంటు లేదా మాగ్నెట్ ఆగిన తరువాత కొంతసేపు, సుమారు అరగంట నుంచి గంట వరకు, మెదడులో ఆ భాగం కొంచెం చురుగ్గానో కొంచెం మందంగానో ఉండిపోతుంది. మాగ్నెట్ దెబ్బలను సెకనుకు ఒకటి చొప్పున నెమ్మదిగా కొడితే ఆ భాగం శాంతిస్తుంది, సెకనుకు 5 లేదా అంతకంటే ఎక్కువగా కొడితే చురుకెక్కుతుంది. పక్షవాతంలో దెబ్బ తగలని వైపు మెదడు, దెబ్బ తిన్న వైపును మరీ అణిచివేస్తుందన్న ఆలోచన మీద, మంచి వైపును శాంతింపజేయడం లేదా చెడిన వైపును లేపడం అనే రెండు పద్ధతులు పుట్టాయి. ఈ ఆలోచన చేతి విషయంలో కొంతమందికే వర్తిస్తుందనీ, పెద్ద దెబ్బ తిన్నవారిలో మంచి వైపు మెదడే సాయం చేస్తూ ఉండవచ్చనీ తరువాత తేలుతూ వచ్చింది. కాబట్టి "మంచి వైపును అణచాలి" అని అందరికీ ఒకే మందు చీటీ రాసేవారి దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

కాలి విషయానికి వస్తే ఇంకొక చిక్కు ఉంది. కేంద్రాల వారు దీన్ని సాధారణంగా చెప్పరు, కాబట్టి వివరంగా రాస్తున్నాను. చేతిని, వేళ్లను కదిలించే మెదడు భాగం పుర్రెకు దగ్గరగా, చెవికి పైన పక్కభాగంలో ఉంటుంది, కాయిల్ పెట్టిన వెంటనే అందుతుంది. కాలిని, పాదాన్ని కదిలించే భాగం నడినెత్తికి సరిగ్గా కింద, రెండు అర్ధగోళాల మధ్య ఉన్న లోయలోకి వంగి ఉంటుంది. నెత్తి మీద చేతిని పెట్టి, అక్కడి నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుకు వెళితే గాని అది తగలదు. మామూలు ఎనిమిది అంకె కాయిల్ బలం రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరే తగ్గిపోతుంది. అందుకని కాలికి చేసేటప్పుడు కోణంగా వంచిన డబుల్ కోన్ కాయిల్ లేదా లోతుకు వెళ్లే హెచ్ కాయిల్ వాడతారు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఎడమ కాలి భాగమూ కుడి కాలి భాగమూ ఆ లోయకు చెరొక గోడ మీద ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాన్ని లేపి రెండవదాన్ని వదిలేయడం చేతి విషయంలో ఉన్నంత సులువు కాదు. చేతి మీద వచ్చిన ఫలితాలను చూపించి కాలికీ అలాగే వస్తుందని చెప్పడం ఎందుకు సరికాదో దీనిని బట్టి మీకు అర్థమవుతుంది.

నిలకడ విషయంలో నాకు ఆశ కలిగించిన దారి వేరే చోట ఉంది. అది తల వెనుక, మెడకు పైన ఉన్న చిన్న మెదడు. నడిచేటప్పుడు అడుగు ఎంత వెడల్పుగా పడాలి, ఒరిగినప్పుడు ఎంత త్వరగా సర్దుకోవాలి అన్న లెక్క అక్కడ జరుగుతుంది. అది తన వైపు శరీరాన్నే చూసుకుంటుంది కాబట్టి, మీ నాన్నగారిలా కుడి పెద్ద మెదడు దెబ్బ తిని ఎడమ వైపు పడిపోయినవారికి ఎడమ చిన్న మెదడు మీద కాయిల్ పెడతారు. ఇటలీలోని రోమ్‌లో గియాకొమో కోచ్ బృందం 36 మంది రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. వారు థీటా బర్స్ట్ అనే పద్ధతిని వాడారు. ఈ పద్ధతిలో మూడేసి దెబ్బల గుత్తులను రెండు సెకన్లు కొట్టి ఎనిమిది సెకన్లు ఆపుతూ, 600 దెబ్బలను మూడు నిమిషాలకు కాస్త పైగా పూర్తి చేస్తారు. మూడు వారాల పాటు రోజూ ఇది చేసి, వెంటనే ఫిజియోథెరపీ చేయించారు. బెర్గ్ నిలకడ పరీక్షలో మొత్తం 56 మార్కులకు, నిజమైన ఉద్దీపన పొందినవారి సగటు సుమారు 34 నుంచి 43 వరకు పెరిగింది. కాళ్ల మధ్య ఎడం తగ్గింది, అంటే కాళ్లు ఎడంగా వేసి తడబడే నడక కొంత చక్కబడింది. అదే పరీక్షలో కాళ్లూ చేతుల కదలిక మార్కులలోను, స్నానం, బట్టలు వంటి రోజువారీ పనుల మార్కులలోను రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. అంటే నిలకడ మెరుగైంది కాని పడిపోయిన కాలికి బలం వచ్చిందని దాని అర్థం కాదు. ఇది 36 మందితో చేసిన చిన్న పరీక్ష అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పెద్ద పరీక్ష పెట్టినప్పుడు ఏమవుతుందో చేతి విషయంలో చూశాం. అమెరికాలో 199 మంది రోగుల మీద, చెయ్యి బాగు కావడానికి మంచి వైపు మెదడును శాంతింపజేసే పద్ధతిని నిజమైన కాయిల్‌తో కొందరికి, ఉత్తుత్తి కాయిల్‌తో కొందరికి చేసి, అందరికీ ఒకే రకం చేతి సాధన చేయించారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపుల్లోనూ దాదాపు మూడింట రెండు వంతుల మంది చెప్పుకోదగినంత మెరుగయ్యారు, గుంపుల మధ్య తేడా లేదు. దీన్ని చదివి కొందరు యంత్రం పనికిరాదని వదిలేశారు. నాకు అందులో ఎక్కువగా కనిపించినది వేరే సంగతి. ఉత్తుత్తి కాయిల్ పెట్టించుకున్నవారు కూడా అంత బాగా మెరుగవడానికి వారు చేసిన సాధనే కారణం. యంత్రం అంటించి పంపేసే చోట ఆ సాధన ఉండదు.

నా దగ్గరికి వచ్చిన ఇద్దరి సంగతి చెబుతాను. ఒకరు కాశీనగర్ వైపు నుంచి వచ్చిన వరి రైతు. నగరానికి వెళ్లకముందు నా వరండాలో 10 మీటర్ల దూరం నడవడానికి ఆయనకు 34 సెకన్లు పట్టింది. అక్కడ పది సిట్టింగులు చేయించుకుని వచ్చాక మళ్లీ నడిపిస్తే 33 సెకన్లు. అక్కడ ఏం జరిగేదని ఆయన భార్యను అడిగాను. పడుకోబెట్టి యంత్రం పెట్టేవారు, అయిపోగానే ఆటో ఎక్కి చుట్టాల ఇంటికి వెళ్లి ఆయన నిద్రపోయేవారు, అంతే. మెదడు నేర్చుకోవడానికి అనువుగా ఉన్న ఆ గంట రోజూ ఆటోలోనూ మంచం మీదా గడిచిపోయింది. రెండవ ఆమె గుణుపురం టీచరు. ఆమెకు వేరే చోట చిన్న మెదడు మీద చేశారు. యంత్రం ఆపిన ఐదు నిమిషాలలోపే అక్కడి థెరపిస్టు ఆమెను నిలబెట్టి, మలుపులు తిప్పుతూ, మెత్తని పరుపు మీద అడుగులు వేయిస్తూ 45 నిమిషాలు పని చేయించేవారు. మూడు వారాల తరువాత ఆమె గోడ పట్టుకోకుండా వెనక్కి తిరగడం నేనే చూశాను. ఇద్దరు మనుషుల కథ రుజువు కాదని నాకు తెలుసు. ఆ మెరుగుదలలో యంత్రం వాటా ఎంతో, 45 నిమిషాల సాధన వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. కాని సాధన లేని చోటికి మీ నాన్నగారిని పంపవద్దని చెప్పడానికి నాకు ఆ రైతు 33 సెకన్లు చాలు.

యంత్రం లేకుండా ఇంటి సాధనతోనే ఏం లాభం అన్న అనుమానానికి కూడా గట్టి జవాబే ఉంది. 2011లో అమెరికాలో 408 మంది పక్షవాతం రోగులను మూడు గుంపులు చేసి, రెండు గుంపులకు తాళ్లతో బరువును ఎత్తి పట్టే ట్రెడ్‌మిల్ మీద నడక సాధన, మూడవ గుంపుకు థెరపిస్టు ఇంటికి వెళ్లి బలం, నిలకడ కోసం చేయించే వ్యాయామం ఇచ్చి చూశారు. ఏడాది తరువాత మొత్తం మీద 52 శాతం మంది నడకలో పై మెట్టుకు చేరారు, గుంపుల మధ్య తేడా లేదు. ఖరీదైన ట్రెడ్‌మిల్‌కు ఇంటి వ్యాయామం తీసిపోలేదు. అయితే ఇంటి వ్యాయామం అంటే ఇంటివాళ్లు తెలిసినట్టు చేయించేది అనుకోవద్దు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో చేసి 2017లో వెలువడిన పరీక్షలో, కుటుంబ సభ్యులకు నేర్పి ఇంట్లో వారి చేతనే చేయిస్తే అదనపు లాభం కనిపించలేదు. నేను చూసినంతలో కారణం ఒక్కటే. ఇంట్లోవారు ప్రేమ కొద్దీ జబ్బ పట్టుకుని లేపేస్తారు, బరువు అంతా మంచి కాలి మీదే పడుతుంది, పడిన కాలికి పనే ఉండదు. అందుకే పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో దగ్గరలో ఉన్న థెరపిస్టు వారానికి మూడు సార్లయినా వచ్చి సరిచూడాలి, మిగతా రోజులు మీరు చేయించాలి.

మీ నాన్నగారి తూలుడు తిరిగేటప్పుడే వస్తోంది కాబట్టి సాధన కూడా అక్కడే ఉండాలి. మంచం కన్నా కాస్త ఎత్తైన బల్ల మీద కూర్చోబెట్టి, ఎడమ పాదాన్ని కుడి పాదం కన్నా రెండు అంగుళాలు వెనక్కి పెట్టించి, చేతులు వాడకుండా లేచి నిలబడి మళ్లీ కూర్చోమనండి. వెనుక ఉన్న పాదం మీదే బరువు పడుతుంది, పడిన కాలు తప్పించుకోలేదు. పదితో మొదలుపెట్టి పూటకు ముప్పై దాకా తీసుకువెళ్లండి, బల్ల ఎత్తును నెమ్మదిగా తగ్గించండి. ఆ తరువాత మీ ఇంటి గడప చాలు. గడప ఎదురుగా నిలబెట్టి, కుడి పాదాన్ని గడప మీద ఆనించి తీయమనండి. కుడి పాదం పైకి లేచిన ఆ ఒక్క క్షణం శరీరమంతా ఎడమ కాలి మీద నిలుస్తుంది. మోకాలు వెనక్కి విరుచుకుపోకుండా మీ చేయి మోకాలి వెనుక ఉంచండి. తిరిగేటప్పుడు ఒక్కసారిగా గిర్రున తిరగనివ్వకుండా, గడియారం ముల్లులా చిన్న చిన్న అడుగులతో, ముందు ఎడమ వైపుకు, తరువాత కుడి వైపుకు తిప్పండి. పాదం ముందు భాగం నేలకు రాసుకుంటుంటే చీలమండ దగ్గర పట్టే ప్లాస్టిక్ స్ప్లింట్‌ను షూతో కలిపి వేయించండి. రెండు సిట్టింగుల ఖరీదులో దొరికే ఆ స్ప్లింట్ నడకలో తెచ్చే తేడా చాలామందికి మొదటి రోజే కనిపిస్తుంది. పెరట్లో నూతి చుట్టూ తడి, నాచు ఉంటే ముందు అది తీయించండి. రెండుసార్లు పడినది అక్కడే కదా.

ఇంకొకటి గమనించండి. భోజనం చేసి లేచాక నాన్నగారి కంచంలో ఎడమ వైపు అన్నం, కూర అలాగే మిగిలిపోతున్నాయా, గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటుందా? కుడి మెదడు దెబ్బ తిన్నవారిలో ఎడమ వైపు ప్రపంచాన్నే మెదడు పట్టించుకోని స్థితి తరచుగా ఉంటుంది. ఉంటే తూలడానికి సగం కారణం అదే కావచ్చు. అప్పుడు కాలి సాధనతో పాటు ఎడమ వైపుకు చూపు తిప్పించే సాధన కూడా కావాలి. ఈ సంగతి చూడకుండా ఎక్కడ యంత్రం పెట్టాలో ఎవరూ నిర్ణయించకూడదు.

మాగ్నెట్ పెట్టే ముందు కొన్ని విషయాలు తప్పక చెప్పాలి, వారు అడగకపోయినా మీరే చెప్పాలి. తలలో లోహపు క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాగ్నెట్ పెట్టించకూడదు. ఇంతకుముందు మూర్ఛ వచ్చినా, పక్షవాతం తరువాత ఒక్కసారి వచ్చినా, నరాల డాక్టరు ఒప్పుకుంటే తప్ప మొదలుపెట్టకూడదు. ఈ వైద్యంలో మూర్ఛ రావడం చాలా అరుదు, కాని వస్తే సంభాళించగల డాక్టరు, మందులు ఆ గదిలోనే ఉండాలి. భుజం నొప్పికి ట్రామడాల్ ఇస్తున్నారేమో చూసి చెప్పండి, ఆ మందు మూర్ఛ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. మామూలుగా వచ్చేవి తలనొప్పి, ముఖ కండరాలు అదరడం, అవి తగ్గిపోతాయి. టీడీసీఎస్‌లో ప్యాడ్ కింద చిమచిమ, దురద ఉంటాయి. ప్యాడ్ ఆరిపోతే చర్మం కాలుతుంది. ఆన్‌లైన్‌లో తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే పరికరాలు అమ్ముతున్నారని మీరు రాశారు. వాటిని కొనవద్దు. ప్యాడ్ ఒక అంగుళం జరిగితే కరెంటు వెళ్లే దారి మారిపోతుంది, దెబ్బ తిన్న మెదడులో ఆ దారి ముందే వేరుగా ఉంటుంది.

ఇక ఆ కేంద్రానికి ఫోన్ చేసినప్పుడు అడగవలసినవి అడగండి. కాయిల్ ఎక్కడ పెడతారు, నడినెత్తి మీదా, చిన్న మెదడు మీదా, ఎందుకు? కాలికి అయితే ఏ కాయిల్ వాడతారు? మొదటి రోజు కండరం ఎంత బలానికి కదులుతుందో కొలిచి, దాన్ని బట్టి మోతాదు పెడతారా, లేక అందరికీ ఒకటేనా? యంత్రం ఆగిన ఎంతసేపటికి నడక సాధన మొదలవుతుంది, ఎవరు చేయిస్తారు, ఎంతసేపు? మొదట, చివర ఏ పరీక్షతో కొలుస్తారు? చివరి రెండు ప్రశ్నలకు తడబడితే ఫోన్ పెట్టేయండి. అన్నింటికీ సూటిగా జవాబు చెబితే, కేంద్రానికి దగ్గరలో మూడు వారాలు ఉండగలిగితే, అప్పుడు 60 వేలు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. రోజూ పర్లాకిమిడి నుంచి వెళ్లి రావడం మాత్రం పనికిరాదు. మీ దగ్గర ఉన్నది ఒడిశా ఆరోగ్య కార్డు కాబట్టి, ఆంధ్రాలో ఆ ఆసుపత్రి దాన్ని ఒప్పుకుంటుందా, ఈ వైద్యం దాని కింద వస్తుందా అని ముందే కాగితం మీద రాయించుకోండి.

ఈ లోపు రక్తపోటు మాత్రలు, రక్తం పలుచన చేసే మాత్రలు ఒక్క పూట కూడా ఆగకూడదు. నాన్నగారు ఇంకా గుడాఖు (పళ్లకు రుద్దే పొగాకు ముద్ద) గాని చుట్ట గాని వాడుతుంటే అది మానాలి. రెండవసారి పక్షవాతం వస్తే ఇప్పటిదాకా తెచ్చుకున్న అడుగులన్నీ పోతాయి.

చివరగా ఒక పని చేయండి. మీ అరుగు మీద గాని వీధిలో సమంగా ఉన్న చోట గాని టేపుతో 14 మీటర్లు కొలిచి, రెండు చివరలా రెండేసి మీటర్లు వదిలి, మధ్య 10 మీటర్లకు సుద్దతో గీతలు గీయండి. నాన్నగారిని మొదటి చివర నుంచి ఆయన మామూలు వేగంతో నడిపించి, మొదటి గీత దాటినప్పటి నుంచి రెండవ గీత దాటే వరకు ఫోన్‌లో సెకన్లు చూడండి. పక్కన ఒకరు నడవాలి, కాని పట్టుకోకూడదు. 25 సెకన్లు దాటితే ఆ నడక ఇంటి వరకే సరిపోతుంది, 12 సెకన్ల దగ్గరికి వస్తే బజారుకు వెళ్లి రాగలరు. 25 సెకన్లు 20 అయితే అది నిజమైన మార్పే, ఒకటి రెండు సెకన్ల తేడా మాత్రం రోజును బట్టి వచ్చేది. మూడు సార్లు కొలిచి సగటు తీసి, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు వెళ్లి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసి, తేదీ వేసి ఉంచండి. ఆరు వారాలు పైన చెప్పిన సాధన చేయించి మళ్లీ కొలవండి. ఆ రెండు తేదీల అంకెలు, కంచంలో ఎడమ వైపు సంగతి, ఆయన వాడే మందుల పేర్లు ఇక్కడ రాస్తే, మాగ్నెట్ ఆయనకు పనికొచ్చే అవకాశం ఎంతో, ఎక్కడ పెట్టించాలో వాటిని చూసి చెబుతాను.